కన్ను తెరవని ఎర్రకారు

మొన్న పచ్చడి రుబ్బుతుంటే మిక్సీ ఠక్కున ఆగిపోయి, కాలిన రాగితీగ వాసన వంటిల్లంతా కమ్ముకుంది. ఇంట్లోవాళ్ళు కిటికీలు తెరవడానికి పరుగెత్తితే నేను అక్కడే నిలబడి రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను. నాకది మా అమ్మ వాసన.

పూతలపట్టు కూడలిలో, చిత్తూరు నుంచి తిరుపతికి పోయే రోడ్డు పక్కన, ముందు వసారాలో నాయన మెకానిక్ షాపు, వెనక మా కాపురం. ఎండాకాలం వచ్చిందంటే బావుల మీది మోటార్లన్నీ కూడబలుక్కున్నట్టు ఒకేసారి కాలిపోయేవి. వసారాలో గ్రీజు, పొయ్యి మీద సంగటి, రోట్లో ఊరిబిండి పచ్చడి, జాడీల్లో ఊరుతున్న మామిడికాయలు, వీటన్నిటి మీద దుప్పటి కప్పినట్టు కాలిన తీగ వాసన, కొత్త తీగకు పూసే వార్నిష్ వాసన. మోటారు విప్పేది నాయన, కాలిన తీగ తీసి కొత్త రాగితీగ చుట్టేది అమ్మ. మల్లెపూలు కట్టే వేళ్ళు గదా, చుట్టు మీద చుట్టు బిగువు సడలకుండా పడేది. పెదవులు కదుపుతూ లెక్క పెట్టుకునేటప్పుడు ఆమెను ఎవరూ పలకరించకూడదు. మాతోనే ఉండే ముసలి అవ్వకు దాహమేసినా అప్పుడు సైగలే.

ఎనభైల్లో, నేను అయిదో తరగతి ముగించిన వేసవిలో, చెల్లెలూ నేనూ అరుగు మీద కచ్చకాయలు ఆడుతుంటే ఒక ఎర్రకారు వచ్చి ఆగింది. నేలకు ఆనుకుని, కప్పలాగా చదునుగా ఉంది. మేము చూసిన కార్లన్నిటికీ దీపాలు ముఖాన కనబడేవి. దీనికి మూతల కింద దాక్కుని ఉంటాయట, స్విచ్చి నొక్కితే లేస్తాయట. ఇప్పుడు కుడివైపుది లేచి చూస్తోంది, ఎడమది మూసుకుని ఉంది. మా చెల్లెలు, "కారు కన్ను కొడతా ఉండాది!" అని కచ్చకాయలు వదిలేసి గంతులేసింది.

దిగినతను మద్రాసు అబ్బాయి, పేరు రంగనాథం. మరుసటి రోజు తిరుపతిలో అతని పెళ్ళి. చుట్టాలందరూ ముందే రైల్లో పోయినారు, ఇతను మామ విదేశం నుంచి తెప్పించిన కారు తీసుకుని, చిత్తూరులో పని చూసుకుని వెనకాల బయలుదేరినాడు. నాయన మూత కింద చెయ్యి పెట్టి చూసి, "కీళ్ళలో దుమ్ము గట్టిపడి పట్టేసిందప్పా. మూత లేపలేక లేపలేక లోపలి మోటారు కాలింది. మూత లేపి తాడేసి కట్టిస్తాను, పో" అన్నాడు.

అతని ముఖం చిన్నబోయింది. "తాడు వద్దన్నా. ఇది కన్ను తెరిచేది సూపిస్తానని పెళ్ళికూతురికి మాటిచ్చినాను."

చేటలో బియ్యం ఏరుతున్న అమ్మ తల ఎత్తింది. "మాటిచ్చినాడంట గదా. మోటారు ఇప్పు, సూస్తాను."

"అది ఫారిన్‌ది మే" అన్నాడు నాయన.

"రాగి యాడైనా రాగే గదా!"

అరచేతిలో ఇమిడేంత మోటారు. నాయన కీళ్ళు కడిగి గ్రీజు పెడుతున్నంతసేపూ అమ్మ కాలిన తీగ విప్పుతూ ఏ గాడిలో ఎన్ని చుట్లున్నాయో చూసుకుంది. మా దగ్గరున్న తీగ కొంచెం లావు. మొదటిసారి చుట్లు పట్టక అంచు దాటి వచ్చేసినాయి. అమ్మ కొంగుతో చెమట తుడుచుకుని మొత్తం విప్పి, షాపులో పడున్న పాత స్కూటరు హారన్లోంచి సన్నతీగ తీసి మళ్ళీ మొదలుపెట్టింది. పెళ్ళికొడుకు నోరు తెరవబోతే అవ్వ కళ్ళురిమి, అతని చేతిలో మజ్జిగ చెంబు పెట్టింది. వార్నిష్ పూసినాక పొయ్యి గట్టు మీద ఆరబెట్టినాము. అందాకా అతను మాతో కచ్చకాయలాడి ప్రతి ఆటా ఓడిపోయినాడు.

పొద్దు వాలకముందే నాయన మోటారు బిగించి స్విచ్చి నొక్కమన్నాడు. ముందు మూలిగింది. తర్వాత ఎడమ మూత నిద్రలేచినట్టు బద్ధకంగా పైకొచ్చింది. అందరం ఒక్కసారిగా అరిచినాము. అతను అమ్మ కాళ్ళకు దండం పెట్టి, కారెక్కి పోయినాడు.

పెళ్ళైన వారానికి ఆ కారు మళ్ళీ మా వాకిట్లో ఆగింది. కొత్త పెళ్ళికూతురు పసుపుతాడుతో దిగి, "అక్కా, మొదట కన్ను తెరిచేది సూసి నవ్వినాను, మీరు సుట్టినారని సెప్పినాక ఇంకోసారి నొక్కమన్నాను" అని అమ్మను చెయ్యి పట్టి స్టీరింగు ముందు కూర్చోబెట్టింది. అమ్మ ఒక్క వేలితో స్విచ్చి నొక్కింది. కళ్ళు లేచినాయి. మళ్ళీ నొక్కింది, వాలినాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం కూడా మరిచి పగలబడి నవ్వుతూ నొక్కుతూనే ఉంది.

నాయన కంగారుపడి, "సాల్లే మే, మళ్ళా కాలిపోతాది!" అన్నాడు.

"కాలితే కాలనీ. సుట్టేది నేనే గదా!"

రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ వసారా పోయింది. తీగ చుట్టే అమ్మా పోయింది. మోటారు కాలితే ఇప్పుడు పారేసి కొత్తది బిగిస్తారు. రోజూ ఆఫీసు నుంచి మసక చీకట్లో ఇంటికొస్తూ కారులో స్విచ్చి తిప్పుతాను. దీపాలు వెలుగుతాయి. లేచి రావు.