బిగించిన తాడు

పడవలో కాపురమున్న అన్నేళ్లలో నేను వణికిపోయింది ఒక్కసారే. ఆ వారం మా ఆయనా నేనూ తాడేపల్లి ఒడ్డున ఆగాం. కనిగిరి నుంచి అమ్మ చూడటానికి వచ్చింది.

పైన డ్యాం నుంచి నీళ్లు వదిలారు. కృష్ణ పొంగుతోంది. నీటితోపాటు పైకి లేవాల్సిన పడవ లేవకుండా ఒక పక్కకి ఒరిగిపోతోంది. గిన్నెలు దొర్లిపడ్డాయి. బయటికొచ్చి చూస్తే, నేను వదులుగా కట్టిన తాడును ఎవరో గేదెను కట్టేసినట్టు ఒడ్డున గుంజకు బిగించేశారు. మా ముగ్గురిలో ఆ పని చేసేది అమ్మే.

తడిసిన ముడి ఊడి రాలేదు. మా ఆయన కత్తితో తాడు కోస్తుంటే నేను అమ్మ మీద విరుచుకుపడ్డాను.

"ఎందుకమ్మా బిగించావు? అందరం మునిగి చచ్చేవాళ్లం!"

తాడు తెగింది. పడవ ఒక్క కుదుపుతో తిన్నగా పైకి లేచింది.

అమ్మ తలుపు పట్టుకుని, నా వైపు చూడకుండా అంది:

"మళ్లీ ఎక్కడికో పోతావని కట్టానే."