బోరున్న గది

మా గదిలో ఒక మంచం, ఒక బీరువా, ఒక నిలువుటద్దం, ఒక బోరు ఉన్నాయి. బోరంటే నీళ్ళ బోరే. మంచానికీ కిటికీకీ మధ్య నేలలోంచి లావుపాటి గొట్టం మోకాలెత్తున లేచి ఉంటుంది. పక్కనే గోడకి మోటారు స్టార్టరు. సరిగ్గా గొట్టం నెత్తిన, శ్లాబులో బకెట్టు పట్టేంత కంత, దాని మీద రేకు మూత. మోటారు పాడైతే ఇనప పైపుల్ని ఆ కంతలోంచే పైకి లాగాలి. మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు ఈ గది చూసి ముందు ఫక్కున నవ్వుతారు. తరవాత నా మొహం చూసి నవ్వు ఆపుకుంటారు.

ఈ ఘనత వాస్తుది. మాది ఉయ్యూరుకీ పామర్రుకీ మధ్య ఊరు. మొదట ఈ బోరు పెరట్లో, ఈశాన్యం మూల, ఆరుబయట ఉండేది. మా ఆయనకి నాతో పెళ్ళి కుదిరేసరికి ఇంకో గది కావాల్సి వచ్చింది. ఖాళీ ఉన్నది అటువైపే. ఈశాన్యం పెరిగితే శుభమే, వెయ్యండి అన్నాడట వాస్తు చూసినాయన. మరి బోరు పూడ్చేద్దామా అంటే, ఈశాన్యంలో నీళ్ళు పూడిస్తే ఇంటికి అరిష్టం అన్నాడట. మా మామగారు రెండు మాటలూ పొల్లుపోకుండా పాటించారు. బోరు చుట్టూ గది కట్టించి, అందులో నన్ను కాపరం పెట్టించారు.

తెల్లారకముందే తలుపు మీద అత్తగారి వేళ్ళు టకటకలాడతాయి. "అమ్మాయ్, మోటారెయ్యి." నేను లేస్తే సరే, లేవకపోతే ఆవిడే వచ్చి వేసుకుంటుంది. డాబా మీద ట్యాంకు పొంగితే దగ్గర్లో ఎవరుంటే వాళ్ళు పరుగెత్తుకొచ్చి ఆపుతారు. ఒకసారి పాలు పోసే ఆయన ఆపి వెళ్ళాడు. నేను చీర కట్టుకుంటున్నా, జ్వరంతో మూలుగుతున్నా, మా ఆయనతో పోట్లాడుతున్నా ట్యాంకు మాత్రం ఆగకుండా పొంగుతుంది. తలుపుకి గడియ లేక కాదు. నిక్షేపంలాంటి ఇత్తడి గడియ ఉంది. పెట్టుకుంటే మోటారు ఎవరు కట్టేస్తారని దాన్ని ఎవరూ పెట్టనివ్వలేదు. పోనీ స్టార్టరైనా బయట బిగించమన్నాను. వరండాలో పెడితే జల్లు కొట్టి షాకొస్తుందట. హాల్లో పెడితే వచ్చేపోయేవాళ్ళ ఎదుట బాగోదట. నా మంచం పక్కన మాత్రం భేషుగ్గా ఉందట.

నేను కంకిపాడులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. క్లాసులో పిల్లల గోల, బస్సులో తోపులాట, ఇంటికొస్తే ఈ బోరు. రోజు మొత్తం మీద ఒక్క అరగంట గడియ పెట్టుకుని, ఇక ఎవరూ రారన్న ధీమాతో కూర్చోవాలని నా ఆశ. ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. అందుకు బోరు గదిలోంచి పోవాలి, పెరట్లో కొత్తది పడాలి. మా ఆయనకి బెజవాడలో ఎరువుల ఆఫీసులో ఉద్యోగం. నెమ్మదస్తుడు, ఎవరితోనూ మాట పడడు, ఎవరినీ ఒక మాట అనడు. ఎప్పుడడిగినా, "ఈసారి మోటారు పోతే బయట వేయిద్దాంలే" అనేవాడు. నేను ఆ మాట పట్టుకుని మోటారు పోవాలని దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని. నూనె దీపం వెలిగించి మరీ పెట్టుకునేదాన్ని.

దేవుడు విన్నాడు. ఆ వేసవిలో కాలవలు కట్టేశాక బోరులో నీళ్ళు బాగా కిందికి పోయాయి. ఒక ఆదివారం పొద్దున మోటారు గుర్రుమని ఆగిపోయింది. మెకానిక్కు మనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నా మంచం హాల్లోకి లాగేశారు. డాబా మీద మూడు కాళ్ళ స్టాండు నిలబెట్టి, గొలుసు కప్పీ వేలాడదీసి, కంతలోంచి పైపుకి తగిలించారు. ఎంత లాగినా పైపు జానెడు కూడా లేవలేదు.

"ఇసక పట్టేసిందండీ, మోటారు ఇరుక్కుపోయింది," అన్నాడు మెకానిక్కు మామగారితో. "ఇంకా గట్టిగా లాగితే వస్తే వస్తదండీ. లేదంటే పైపు తెగి మోటారు లోపలే ఉండిపోద్ది. ఇక అప్పుడు కొత్త బోరేనండి."

కొత్త బోరు! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. మా ఆయన నా వంక చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. మెకానిక్కు లోపల చూడ్డానికి ఒక అద్దం అడిగితే బీరువాలోంచి నా చేతి అద్దం తీసి నేనే పట్టుకున్నాను. కంతలోంచి పడే ఎండని అద్దంతో గొట్టంలోకి తిప్పితే అడుగున నీళ్ళు తళుక్కుమన్నాయి. పైన గొలుసు కిర్రుమంటోంది. తెగిపో తల్లీ, తెగిపో అని లోపల జపం చేస్తున్నాను.

తెగలేదు. గభాలున ఒక్క కుదుపు కుదిపి మోటారు కదిలింది. మామగారు "హమ్మయ్య" అని చేతులు దులుపుకున్నారు. పైపులన్నీ ఊడదీసి, బురదోడుతున్న మోటార్ని నా గచ్చు మీద పడుకోబెట్టి అందరూ చుట్టూ మూగారు. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. వంటింట్లోకి వెళ్ళి అందరికీ టీ పెట్టాను.

వైండింగు కాలిపోయిందని మోటార్ని ఉయ్యూరు పట్టుకెళ్ళారు. ఇనప పైపులు తుప్పు పట్టాయి కాబట్టి నల్ల పైపు వెయ్యాలన్నారు. అది చుట్టలా వంగుతుంది, ఇకమీదట శ్లాబు కంత అక్కర్లేదు, పూడ్చేసుకోవచ్చన్నారు. ఆ సాయంత్రం నేను మా ఆయన్ని కదిపాను. మోటారు బయటే ఉంది, బోరు ఖాళీగా ఉంది, ఇంతకంటే మంచి సమయం ఉండదు, మాట ఇచ్చారు గుర్తుందా అన్నాను. పాపం, ధైర్యం చేసి వాళ్ళ నాన్నని అడిగాడు.

మామగారు కసురుకోలేదు. చెంబు పట్టుకుని పక్కింటికి వెళ్ళారు. వాళ్ళు కిందటేడే మా గోడకి ఆనుకునే కొత్త బోరు వేయించారు. చెంబెడు నీళ్ళు తెచ్చి గ్లాసులో పోసి నాకిచ్చారు.

"తాగి చెప్పమ్మా. నువ్వెలా అంటే అలా చేద్దాం."

ఒక గుక్క తాగాను. ఉప్పు. నాలిక మీద సముద్రం పోసినట్టుంది. ఆ నీళ్ళతో పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు, జుట్టు అట్టకడుతుంది. మా బోరులో అదృష్టం కొద్దీ తీపి నీళ్ళు పడ్డాయి, చుట్టుపక్కల ఎక్కడా అలా పడలేదు. తెలిసి తెలిసి ఆ నీళ్ళు బాగున్నాయని ఎలా చెప్పను? గ్లాసు కింద పెట్టేశాను. ఎవరిమీదైనా కోపం తెచ్చుకుందామంటే అందుకు కూడా మనిషి దొరకలేదు.

మోటారు తిరిగొచ్చేదాకా పంచాయితీ కుళాయి నీళ్ళతో సరిపెట్టుకున్నాం. ఆ రోజుల్లో నా గదితో ఎవరికీ పనిలేదు. స్కూలు నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, తలుపేసి గడియ పెట్టాను. వాడక బిగుసుకుపోయిన గడియ, రెండు చేతులా నెట్టాల్సి వచ్చింది. మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. రోజూ అంతే. మోటారొచ్చే రోజు దగ్గరపడుతున్నకొద్దీ ఆ హాయిలో దిగులు కలిసింది.

మోటారు వచ్చే ముందురోజు సాయంత్రం తలుపు చప్పుడైంది. అత్తగారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఏం కావాలి అత్తయ్యా?" అన్నాను గడియ తియ్యకుండానే.

"ఏం వద్దమ్మాయ్," అంది ఆవిడ. "నన్ను కూడా లోపలికి రానిస్తావా?"

తీశాను. లోపలికొచ్చి, గడియ తనే పెట్టింది. పెట్టి, ఒకసారి లాగి చూసుకుంది. మంచం కొసన కూర్చుని, కొంగు భుజం మీంచి దించేసి, జాకెట్టు పై హుక్కు వదులు చేసుకుని, గోడకి చేరగిలబడి కళ్ళు మూసుకుంది. హాల్లోంచి మామగారు, "ఏమేవ్, కాఫీ" అని కేకేశారు. ఆవిడ కళ్ళు తెరవలేదు. రెండో కేకకి కొంగు సర్దుకుని లేచి వెళ్ళింది. ఆవిణ్ణి అలా చూడ్డం నాకు అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే మోటారొచ్చింది. నా గదిలోంచి హాలు మీదుగా వరండా దాకా నల్ల పైపు పరిచారు. ఒక మనిషి పైపు ఎత్తిపట్టుకున్నాడు. మోటారుకి నైలాను తాడు కట్టి, మెకానిక్కు బరువంతా తన చేతుల మీద వేసుకుని గొట్టం మూతి దగ్గర నిలబడ్డాడు.

"ఆగు బాబూ," అంది అత్తగారు గుమ్మంలోంచి. మామగారి వైపు తిరిగింది. "లోపల వద్దండీ. పెరట్లో వేయించండి. ఉప్పు నీళ్ళయినా సరే, అలవాటు పడతాం. తాగడానికి నీళ్ళ టిన్ను తెప్పించుకుందాం."

మామగారు ముందు తెల్లబోయి, తరవాత నవ్వారు. "కోడలు చెప్పమందా? అయినా మధ్యలో నీకేంటే బాధ? ఇదేమన్నా నీ గదా?"

"కాదండీ," అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "మరి నాదేదో చూపించండి."

మామగారు నోరు తెరిచారు. ముందు గది ఆయనది. ఇది మాది. ఆవిడ హాల్లో చాప వేసుకుని పడుకుంటుంది. ఆవిడ చీరల పెట్టె వంటింటి అటక మీద ఉంటుంది. స్నానాల గదిలోనే చీర కట్టుకుని వస్తుంది. ఆయన కళ్ళు హాల్లోకి వెళ్ళాయి, వంటింటి గుమ్మం మీదికి వెళ్ళాయి, తిరిగి నేల మీదికి వచ్చాయి. మా ఆయన పైపు వంక చూస్తున్నాడు. నేను ఆవిడ వంక చూస్తున్నాను.

మెకానిక్కు చేతులు బరువుకి వణకడం మొదలుపెట్టాయి. మొహమంతా చెమట. బోరులోకి దించమంటారా వద్దంటారా అని అడగడానికి కూడా మొహమాటపడుతున్నాడు.

ఆవిడే చూసింది.

"దించు నాయనా," అంది. "ఎంతసేపని మోస్తావ్?"