ఔలర్‌షా వారి జట్టు

స్లాక్‌డెన్‌లో ఎవరినైనా ఆపి, ఔలర్‌షా అనే ఇంటిపేరుకి అర్థం ఏమిటని అడిగి చూడండి. గుడ్లగూబ అంటారు. ఇంగ్లీషులో గుడ్లగూబ ఔల్ కాబట్టి ఆ వంశమంతా గూబలేనని తీర్మానించి కూర్చున్నారు. ఇంగ్లీషువాళ్ళ దేశంలోని ఈ లోయలో ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. ఔలర్ అంటే ఈ కొండల పాత మాటలో ఆల్డర్ చెట్టు. వాగు ఒడ్డున, కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని పెరిగే చెట్టు. షా అంటే చిన్న తోపు. ఊరికి ఎగువన వాగు మలుపు తిరిగే చోట ఒకప్పుడు ఆ తోపు ఉండేది, పక్కనే ఒక ఇల్లు ఉండేది, ఆ ఇంటివాళ్ళకి తోపు పేరే పేరైంది. అంతే సంగతి. తోపు ఎప్పుడో పోయింది. ఆల్డర్ కర్ర తేలిక, తడికి తొందరగా చెడదు. అందుకని మిల్లుల్లో తడి నేల మీద నిలబడేవాళ్ళ చెప్పులకి అడుగుభాగం దానితోనే చెక్కేవారు. చెక్కినవాళ్ళూ ఔలర్‌షాలే. తమ పేరుని తామే నరికి ఊరందరి కాళ్ళకీ తొడిగారన్నమాట.

ఇదంతా నాకు చెప్పింది హెస్టర్. హెస్టర్ ఔలర్‌షా. నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఒక పొద్దున బస్సెక్కి, నా చొక్కా మీద ఉన్న పేరుబిళ్ళ వంక అనుమానంగా చూసింది. పూర్తి పేరు పట్టక డిపోవాళ్ళు దాన్ని సగానికి కోసేశారు.

"తుమ్మా ఏంటి నాయనా? మిగతాది ఏమైంది?"

"తుమ్మలపల్లి అండి. బిళ్ళ చాల్లేదు."

"దానికి అర్థం ఉందా, ఊరికే పెట్టుకున్నారా?"

"తుమ్మచెట్లున్న ఊరు అనండి."

"అయితే మనం చుట్టాలం. నువ్వూ చెట్టు కిందవాడివే," అని నా వెనక సీట్లో కూర్చుంది. ఆ సీటు ఆ రోజు నుంచి ఆమెదే. వేరేవాళ్ళు కూర్చుంటే లేపేది కాదు, పక్కన నిలబడి వాళ్ళు లేచేదాకా చూస్తూ ఉండేది.

ఆ పేరు ఎంత అరుదో మొదట నాకు తెలియదు. ఒక వానరోజు బస్సు మరమ్మత్తుకి పోతే, టౌన్ లైబ్రరీలో కూర్చుని దేశంలోని టెలిఫోన్ పుస్తకాలు దొరికినన్ని తిరగేశాను. స్మిత్‌లు పేజీలకి పేజీలు ఉన్నారు. ఔలర్‌షా మాత్రం ఒక్కచోటే, మా స్లాక్‌డెన్ పుస్తకంలో, అదీ ఒక్క నంబరే. హెస్టర్, ఆమె అన్న రూబెన్ ఆ ఒక్క ఇంట్లో ఉండేవారు. వాళ్ళ చిన్నాన్న కొడుకు సెత్ చివరి వీధిలో ఉండేవాడు గాని, వాడు ఫోన్ పెట్టించుకోలేదు. కొండ దాటితే ఆ పేరు విన్నవాళ్ళే లేరు. ఇదే ఊళ్ళో ఒకప్పుడు వీధిలో రాయి విసిరితే ఒక ఔలర్‌షాకి తగిలేదట, ఇంకో ఔలర్‌షా పోట్లాటకి వచ్చేవాడట.

ఆ రోజుల్లో మొదలైందే ఆ క్రికెట్ మ్యాచ్. ఏటా వేసవి మొదట్లో వచ్చే సెలవు సోమవారం నాడు ఔలర్‌షాలు ఒక జట్టు, మిగతా ఊరంతా ఇంకో జట్టు. రెండో జట్టు పేరు కూడా 'మిగతావాళ్ళు' అనే. నియమం ఒక్కటే. ఔలర్‌షా జట్టులో ఆడాలంటే ఆ పేరు ఉండాలి. రక్తం పనికిరాదు. కూతురి కొడుకు ఎంత మొనగాడైనా, వాడి తండ్రి పేరు వేరు కాబట్టి అవతలి జట్టుకే పోవాలి. ఆ పేరున్న ఆడవాళ్ళ పని టీ కాయడం, రొట్టె ముక్కల మధ్య హామ్ పెట్టడం. దీన్ని ఎవరూ కాగితం మీద రాయలేదు. రాయని నియమాన్ని కదపడం ఈ లోయలో ఎవరి తరమూ కాదు, నేను ప్రయత్నించి తల బొప్పి కట్టించుకున్నాను.

కొన్నాళ్ళకి జట్టు చిక్కిపోవడం మొదలైంది. యుద్ధం కొందరిని తీసుకుపోయింది, మిల్లు దూది దుమ్ము కొందరిని. మిగిలిన ఇళ్ళల్లో వరసగా ఆడపిల్లలే పుట్టారు, వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకుని వేరే పేర్లలోకి వెళ్ళిపోయారు. నేను వచ్చేసరికి ఔలర్‌షా జట్టంటే రూబెన్, సెత్. ఇద్దరు ఒక పక్క, పదకొండుమంది ఒక పక్క. గెలుపు సంగతి అడగకండి. ఒకడు అవుటైతే జట్టంతా అవుటైనట్టే, అప్పుడు ఊరంతా చేతులు నోటికి పెట్టుకుని గూబల్లా కూసేవారు. రూబెన్ టోపీ తీసి అందరికీ వంగి దండం పెట్టేవాడు.

ఆ ఇద్దరి కంటే బాగా ఆడగల మనిషి టీ బల్ల దగ్గర నిలబడి రొట్టె కోస్తూ ఉండేది. చిన్నప్పుడు వాళ్ళ చెప్పుల కొట్టు వెనక పెరట్లో, పెద్దవాడైన రూబెన్‌కి ఆట నేర్పిందే హెస్టర్ అని పాతవాళ్ళు చెబుతారు. తండ్రి ఏమస్ కిటికీలోంచి చూసి, "పేరు నిలబెట్టేది నువ్వే అయ్యుండాల్సింది" అని నిట్టూర్చేవాడట. ఆ మాట ముద్దుకి అన్నాడో బాధకి అన్నాడో గాని, ఆమె దాన్ని గుండెలో పెట్టుకుంది.

ఇరవై మూడో ఏట ఆమెకి హెరాల్డ్ హెలివెల్‌తో పెళ్ళి కుదిరింది. మిల్లులో ఆమె మగ్గం పాడైతే బాగుచేసే మనిషి. నెమ్మదస్తుడు, ఆమె అంటే ప్రాణం. ఆ ఏడు మ్యాచ్ రోజున ఎవరో టీ బల్ల దగ్గర, "వచ్చే ఏటి నుంచి ఈ పిల్ల కూడా మిగతావాళ్ళలో కలిసిపోతుందిరోయ్" అని సరదాకే అన్నారు. హెస్టర్ చేతిలో కత్తి పక్కన పెట్టింది. వారం తిరక్కుండా ఉంగరం వెనక్కి ఇచ్చేసింది. హెరాల్డ్ ఎందుకని అడగలేదు. "సరే" అని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత ఎప్పుడో వేరే పిల్లని చేసుకున్నాడు, పిల్లలు కలిగారు, భార్య పోయింది. మోకాళ్ళు పోయి ఆట మానేశాక అంపైర్ అయ్యాడు. ఆయన వేలు ఎత్తితే దేవుడు దిగొచ్చినా దించడని పేరు.

తనని ఆడనివ్వని జట్టు కోసం పెళ్ళి మానుకున్న మనిషిని చూసి నవ్వాలో ఏడవాలో నాకు చాలాకాలం తెలియలేదు. ఈ ఊరివాళ్ళు మాత్రమే చేయగల పొరపాటు అది. తప్పు అనడానికి మాత్రం నోరు రాదు.

ఒకే చలికాలంలో సెత్ పోయాడు, తర్వాత రూబెన్ పోయాడు. వసంతంలో క్రికెట్ క్లబ్బువాళ్ళు సమావేశం పెట్టారు. మిగతావాళ్ళ కెప్టెన్ నోరిస్ గ్రీన్‌వుడ్, మాంసం కొట్టు మనిషి, యాభై ఏళ్ళవాడు. హెస్టర్‌కి మేనల్లుడి వరస, అతని అమ్మమ్మ పుట్టింటివాళ్ళు ఔలర్‌షాలే. నేనూ ఉన్నాను, మిగతావాళ్ళలో స్లో బౌలర్ని కాబట్టి.

"అత్తా, ఈ ఏటి నుంచి మ్యాచ్ ఆపేద్దాం అనుకుంటున్నాం," అన్నాడు నోరిస్ నేల చూపులు చూస్తూ. "గోడకి ఇత్తడి పలక పెట్టిద్దాం. మీవాళ్ళందరి పేర్లూ చెక్కించి."

"పలకలు పోయినవాళ్ళకి పెడతారు."

"అదేగా మరి..."

"నేను పోయానట్రా?"

"నువ్వు ఆడవు కదా అత్తా."

"ఎప్పుడైనా అడిగి చచ్చారా?"

నోరిస్ మా అందరి వంకా చూశాడు. మేమందరం మా గ్లాసుల్లోకి చూశాం.

"సరే, ఆడతావు. అవతల ఎండ్‌లో ఎవరు నిలబడతారు? ఒక్కళ్ళతో ఇన్నింగ్స్ ఎలా అవుతుంది?"

"అది నీకెందుకు? నాకు బంతి వెయ్యడానికి మనిషిని చూసుకో. నువ్వు వేస్తే అది వికెట్ల వైపు వచ్చిన పాపాన పోదు."

మూలన కూర్చున్న హెరాల్డ్ లేచాడు. కోటు తీసుకుని అందరికంటే ముందు వెళ్ళిపోయాడు.

మర్నాడు బస్సులో అడిగాను. "అవతల ఎండ్‌కి ఎవరిని చూశారు?"

"ఎవరినీ చూడలేదు నాయనా."

"మరి?"

"గీత దగ్గరికి ఒక్కసారి నడిచి వెళ్తే చాలు. ఆట మొదలవకపోయినా ఫర్వాలేదు. నాతో ఈ పేరు ఎలాగూ అయిపోతుంది. వంట గదిలో అయిపోకూడదు, అంతే."

రెండు స్టాపుల్లో బస్సు ఆపడం మర్చిపోయాను, దిగాల్సినవాళ్ళు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు.

సోమవారం చినుకులు పడుతూనే ఉన్నాయి. ఈ ఊళ్ళో దాన్ని వాన అనరు. మేం పదకొండుమందిమి మైదానంలో నిలబడ్డాం. హెస్టర్ పెవిలియన్ మెట్లు దిగింది. రూబెన్ ప్యాడ్లు కట్టుకుంది, రూబెన్ ప్యాంటు పైకి మడిచి కుట్టుకుంది, తలకి మాత్రం ఆదివారం చర్చికి పెట్టుకునే టోపీ. ఎవరూ కూయలేదు. తడి గడ్డి మీద నెమ్మదిగా నడిచొచ్చి, గీత దగ్గర బ్యాటు ఆనించి నిలబడింది.

"అవతల మనిషి లేకుండా నేను ఆట మొదలుపెట్టలేను హెస్టర్," అన్నాడు హెరాల్డ్. "రూల్ ఒప్పుకోదు."

"తెలుసు. కాసేపు నిలబడనీ."

ఆ కాసేపు ఎంతసేపో గాని నాకు యుగంలా ఉంది. ఉన్నట్టుండి నోరిస్ చేతిలో బంతి నా వైపు విసిరేసి, హెరాల్డ్ పక్కనున్న ఎండ్‌కి నడిచాడు. టోపీ తీసి జేబులో కుక్కుకున్నాడు.

"నువ్వెక్కడికిరా?" అంది హెస్టర్.

"మా అమ్మమ్మ ఔలర్‌షా."

"రక్తం చెల్లదు. పేరుండాలి. అది మా తాతలు పెట్టిన నియమం."

"పేరు నీ దగ్గర ఉందిగా అత్తా. జట్టుకి ఒక్కటి ఉంటే చాలు. బ్యాటు ఎవరన్నా ఇవ్వండ్రా."

వికెట్ కీపర్ గ్లోవ్స్ విప్పాడు. వాళ్ళ నాయనమ్మ ఔలర్‌షా అట. పోస్ట్‌మ్యాన్ వెళ్ళాడు, ముత్తవ్వట. రొట్టెల కొట్టు అన్నదమ్ములిద్దరూ ఒకళ్ళ వెనక ఒకళ్ళు పోయారు. ఇన్నాళ్ళూ వేరే పేర్ల కింద దాక్కున్న ఔలర్‌షాలు ఒక్కొక్కరే పెవిలియన్ వైపు నడుస్తుంటే, ఈ ఊళ్ళో ఆ పేరు అరుదేమో గాని ఆ మనుషులు అరుదు కాదని అప్పుడు తెలిసింది. చివరికి మైదానంలో మిగతావాళ్ళ జట్టుకి ముగ్గురం మిగిలాం. దక్షిణం నుంచి వచ్చిన స్కూలు మాస్టారు, డాక్టరు గారు, నేను. మా ముగ్గురి అమ్మమ్మలూ ఎక్కడెక్కడివాళ్ళో. ఇప్పటికీ ఏటా ఆ మ్యాచ్ ఆ పద్ధతిలోనే జరుగుతోంది. మిగతావాళ్ళకి మనుషులు చాలక పక్క ఊళ్ళ నుంచి తెచ్చుకుంటున్నాం.

మాస్టారు వికెట్ల వెనక నిలబడ్డాడు. నేను బంతి తీసుకున్నాను. మొదటి బంతి ఆమె అడ్డుకుంది, ఏమీ తొందర లేకుండా. రెండోదాన్ని మణికట్టు తిప్పి పక్కకి కొట్టింది. ఎంత అందంగా కొట్టిందంటే, డాక్టరు గారు దాని వెనక పరిగెత్తడం మానేసి చప్పట్లు కొట్టాడు. నోరిస్ పరుగెత్తుకొస్తుంటే ఆమె నడుచుకుంటూ ఒక పరుగు తీసింది, మళ్ళీ నడుచుకుంటూ ఇంకోటి తీసింది. పెవిలియన్ మెట్ల మీద గూబలు కూశాయి. జన్మలో మొదటిసారి ఆ కూత నాకు తీయగా వినిపించింది.

మూడో బంతి తడి గడ్డి మీద పడి లేవలేదు. నేరుగా వెళ్ళి ఆమె ప్యాడ్‌కి తగిలింది, సరిగ్గా మధ్య వికెట్‌కి ఎదురుగా. అవుట్. పశువుల కాపరిని అడిగినా చెబుతాడు. కానీ బౌలింగ్ జట్టు అడిగితేనే అంపైర్ చెప్పాలి. మాస్టారు ఆకాశం చూస్తున్నాడు. డాక్టరు గారు బూటు తాడు కట్టుకుంటున్నాడు. నేను చెయ్యి తుడుచుకుంటున్నాను.

"ఏం, ఎవరూ అడగరేం?" అంది హెస్టర్. ఆమెకి నిజంగానే కోపం వచ్చింది. "నేను ఆటకొచ్చానా, పేరంటానికొచ్చానా?"

నేను హెరాల్డ్ వైపు తిరిగి, నోట్లో నోట్లోనే అడిగాను. హెరాల్డ్ రెండు చేతులూ కోటు జేబుల్లో పెట్టుకున్నాడు.

"నాకు సరిగా కనబడలేదు," అన్నాడు.

"నీకు అన్నీ కనబడతాయి హెరాల్డ్. చెయ్యి తియ్యి."

ఆయన చెయ్యి జేబులోంచి రావడానికి చాలాసేపు పట్టింది. వేలు ఎత్తాడు, కళ్ళు దించుకున్నాడు. హెస్టర్ బ్యాటు చంకలో పెట్టుకుని, పెవిలియన్ వైపు కాకుండా పిచ్ మీదుగా ఆయన దగ్గరికి నడిచింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి విన్నాను.

"ఆ రోజు నేను కాదంటే నువ్వు గొడవ చెయ్యలేదు. ఇవాళ నేనూ చెయ్యను."

"అప్పుడు చెయ్యాల్సింది హెస్టర్," అన్నాడు హెరాల్డ్.

ఆమె టోపీ సర్దుకుని వెళ్ళిపోయింది. హెరాల్డ్ వంగి, వికెట్ల మీద అసలు కదలనే కదలని బెయిల్స్‌ని చాలాసేపు సరిచేశాడు.