నల్లగీత మీది తూకం

ఆసుపత్రి స్టోర్సులో పద్దెనిమిదేళ్లు దూది మూటలూ సబ్బుపొడి బస్తాలూ తూచిన మనిషిని పిల్లల మానసిక వైద్య విభాగానికి మార్చారు.

"మూటలంటే పెట్టినచోట ఉంటాయి. పిల్లలుంటారా?" అన్నాడు ఆమె భర్త.

"ముగ్గురిని పెంచాను. నాకు చెప్పకు," అందామె.

ఆ ధీమా నాలుగో రోజుకే దిగిపోయింది. డాక్టరమ్మ గదిలోకి పంపేముందు పిల్లల్ని తూచి చీటీ మీద రాయడం ఆమె పని. వచ్చేవాళ్లలో మాటలు రానివాళ్లుంటారు, కుదురుగా ఒక్క నిమిషం కూర్చోలేనివాళ్లుంటారు, కుర్చీ జరిపిన చప్పుడుకే చెవులు మూసుకునేవాళ్లుంటారు. ఆ రోజు ఒక ఐదేళ్ల పిల్లను భుజాలు పట్టి తూకం యంత్రం మీద నిలబెట్టబోతే, కసుక్కున చెయ్యి కొరికింది.

పిల్ల తల్లి సిగ్గుతో చితికిపోయింది. "ఏమనుకోకక్కా. నా పెంపకమే సరిగా లేదంటారు అందరూ."

గాయానికి మందు రాస్తూ డాక్టరమ్మ అంది: "పెంపకం సంగతి కాదమ్మా. ఈ పిల్ల ఎదిగే తీరే వేరు. హఠాత్తుగా ఎవరైనా పట్టుకుంటే వాత పెట్టినట్టుంటుంది తనకి."

ఆ మాట తల్లికంటే తూచే మనిషికే ఎక్కువ తగిలింది. పాత చోటుకే పంపమని అర్జీ రాద్దామనుకున్నది కాస్తా మానుకుంది.

పిల్లకు రాత్రుళ్లు నిద్ర లేదు. మందు ఇవ్వాలంటే బరువు తెలియాలి. తల్లి ఎత్తుకుని తూగుదామంటే చంకలో నిలవదు. వాళ్లు రెండోసారి వచ్చినప్పుడు తూచే మనిషి పిల్లను ముట్టుకోలేదు, పిలవలేదు, ఊరికే చూస్తూ కూర్చుంది. తెల్లని గచ్చు మీద గోడ పొడవునా ఒక నల్లగీత ఉంది. పిల్ల మునివేళ్ల మీద ఆ గీత వెంబడే నడుస్తోంది, ఆ చివరికీ ఈ చివరికీ.

మూడోసారి వాళ్లు వచ్చేసరికి తూకం ఆ గీత మీదే ఉంది. పిల్ల దాని దాకా వచ్చి ఆగింది. తల్లి నోరు తెరవబోతే ఆమె వేలితో వారించింది. పిల్ల ఎక్కింది. అంకెలు కదిలి ఆగేదాకా వంగి చూసి, దిగి, గీత వెంట తన దారిన పోయింది.

"పదిహేనున్నర," అని రాసుకుంది ఆమె. తల్లి కొంగుతో కళ్లు తుడుచుకుంది.

అది జరిగి మూడేళ్లయింది. పిల్లకు వచ్చిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు గానీ, నిద్ర కుదిరింది. బడిలో పంతులమ్మ గోలకు దూరంగా కిటికీ పక్కన చోటిచ్చాక సాయంత్రం దాకా ఉంటోంది. ఆసుపత్రికి వస్తే ముందు తను తూగి, తర్వాత అమ్మ చెయ్యి పట్టుకుని తూకం మీదికి లాగుతుంది.

"నా బరువు ఊరంతా తెలిసిపోతోందక్కా," అని తల్లి నవ్వుతుంది.

"చీటీలో రాయనులే, ఎక్కు," అంటుంది ఆమె.