తెల్లటి ముఖానికి కాఫీరంగు జుట్టు

తెల్లగా ఉన్నవాళ్ళ తలకు ఏ రంగు నప్పుతుందో తనకు తెలిసినంతగా మద్రాసులో ఇంకెవరికీ తెలియదని మా నాన్న అభిప్రాయం. అలాగని ఆయన ఎవరి జుట్టూ ముట్టుకున్నవాడు కాదు. కోడంబాక్కం స్టేషనుకు దగ్గర్లో ఒక ఫోటో స్టూడియోలో కూర్చుని, నలుపు తెలుపు ఫోటోలకు చేత్తో రంగులు వేసేవాడు. నా చిన్నతనంలో, అంటే ఆంధ్ర రాష్ట్రం వేరుపడి మా చుట్టాల్లో సగంమంది మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయిన రోజుల్లో, మామూలు మనుషులకు కలర్ ఫోటో అంటే అదే. కెమెరా ఒకరు నొక్కితే రంగు ఇంకొకరు వేసేవారు.

స్టూడియోకు సినిమా వేషాల కోసం ఊళ్ళు వదిలి వచ్చినవాళ్ళు వచ్చేవారు. పెళ్ళికెదిగిన ఆడపిల్లల్ని వెంటబెట్టుకుని తల్లులు వచ్చేవారు. చనిపోయిన పెద్దల పాత ఫోటోను గుడ్డలో చుట్టి తెచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. వీళ్ళలో ఒకరికీ ఇంకొకరికీ పోలిక లేదు గాని, వెళ్ళేముందు గుమ్మం దగ్గర ఆగి అందరూ ఒకటే మాట చెప్పేవారు. "కలరు కొంచెం తూక్కలుగా వెయ్యండి." ఆ అరవమాటకు అర్థం ఎక్కువగా అని, వాళ్ళ లెక్కలో మనిషిని తెల్లగా చెయ్యమని. పోయినవాళ్ళకు కూడా ఇందులో మినహాయింపు లేదు. జీవితమంతా రాయపురంలో చేపలు అమ్మి ఎండకు కమిలిపోయిన ఒక ముసలాయన, పోయాక మా నాన్న చేతిలో పడి గులాబీరంగుకు వచ్చాడు. ఆయన కొడుకులు ఫోటో చూసి, మా నాయన అచ్చం ఇట్నే ఉండేవాడు అని కళ్ళు తుడుచుకున్నారట.

తెల్లగా చెయ్యడం పెద్ద కష్టం కాదు. చీకటిగదిలో ప్రింటు పలచగా తీస్తే సగం తెలుపు అక్కడే వచ్చేస్తుంది, మిగతా సగం రంగుల ట్యూబులో ఉంటుంది. చిక్కంతా జుట్టుతోనే. ముఖాన్ని మార్చేసి జుట్టును ఉన్నట్టే నల్లగా ఉంచితే, ఆ జుట్టు ఇంకెవరిదో తెచ్చి పెట్టినట్టు కనిపించేది. "తెల్లమొకానికి కారునలుపు పెడితే బొగ్గులబుట్ట బోర్లించినట్టుంటది" అనేవాడు నాన్న. అందుకని ఆయన ఈ విషయం మీద పరిశోధన మొదలుపెట్టాడు.

పరిశోధన ఆదివారం సాయంత్రాలు బీచిలో జరిగేది. మమ్మల్ని గాలికోసం తీసుకుపోతున్నాడని మేము అనుకునేవాళ్ళం. ఆయన వెళ్ళేది జుట్టుకోసం. పెరంబూరు రైల్వే క్వార్టర్ల నుంచి వచ్చే ఆంగ్లో ఇండియన్ ఆడవాళ్ళు, షావుకారుపేట మార్వాడీ కోడళ్ళు కనిపిస్తే చాలు, పడమటి ఎండ వాళ్ళ తలమీద ఎలా పడుతోందో చూస్తూ వెనకాలే నడిచేవాడు. ఆయన పక్కన మా అమ్మ, అమ్మ చెయ్యి పట్టుకుని నేను. పెళ్ళాంబిడ్డలతో సహా పరాయి ఆడదాని జడ వెంట నడిచే మగవాణ్ణి ఎవరూ అనుమానించరు. అమ్మ మాత్రం మధ్యలో ఒకసారి, "చాల్లే బావా, ఆమె మొగుడు చూస్తాండాడు" అనేది. అమ్మకు నాన్న మేనత్త కొడుకు. పెళ్ళయినా బావా అనే పిలిచేది.

కొన్నాళ్ళకు ఆయనకు కొన్ని సంగతులు తేలాయి. తెల్లటి ముఖానికి ఉత్త నలుపు పనికిరాదు. గోరింటాకు పెట్టినట్టు ఎర్రగా వేస్తే ముఖం కామెర్ల రోగిలా పచ్చబడుతుంది. బంగారురంగు కలిపితే పిల్ల దొరసాని అయిపోతుంది, ఇక సంబంధాలు రావు. అన్నింటికంటే నప్పేది కాఫీరంగు. అదీ ముదురుగా, డికాషన్‌లో పాలచుక్క పడీ పడకముందు ఉండే రంగు. పాపిడి దగ్గర, చెవుల వెనక మాత్రం కాస్త నీడ.

ఆ రంగు ట్యూబులో దొరకదు, కలుపుకోవాలి. ఏ పూటకాపూట కలిపిందాన్ని ఒక అట్టముక్కకు రాసి, ఇంట్లో ఉదయం వెలుతురులో చూసుకుని మరీ పనికి వెళ్ళేవాడు. వంటింటి గుమ్మంలో నిలబడి, "ఏమ్మే, చెయ్యి చాపు" అనేవాడు. అమ్మ కుడిచేత్తో కూర కలుపుతూనే, తలతిప్పకుండా ఎడమచెయ్యి చాపేది. ఆయన ఆ చేతిమీద అట్టముక్క ఆనించి, ఒక కన్ను మూసి చూసి, ఇంకొంచెం ఏదో కలిపి, మళ్ళీ ఆనించి వెళ్ళిపోయేవాడు.

"గోడమీద పెట్టి చూసుకోరాదా" అని అమ్మ ఒకసారి అడిగింది.

"గోడకు సున్నం కొట్టుండాది. దానిమీద ఏం దెలస్తది" అన్నాడు. నిజమే కాబోలనుకున్నాం.

మా అమ్మ నలుపు. చుట్టాలు మర్యాదకు చామనఛాయ అనేవాళ్ళు గాని, మర్యాద తీసేస్తే నలుపే. జుట్టు కూడా అంతే నలుపు, నడుము దాటి ఉండేది. నాకు నాన్న రంగు వచ్చింది. కాస్త తెల్లటి మనిషి ఆయన, అందులో ఆయన గొప్పేమీ లేదు.

మా ముందుగదిలో గోడకు వాళ్ళ పెళ్ళిఫోటో ఉండేది. నలుపు తెలుపు. నాన్న స్టూడియోలో చేరిన కొత్తలో అక్కడే తీయించింది. ఊరందరి ఫోటోలకు రంగులు వేసే మనిషి ఇంట్లో ఆ ఫోటో అలాగే బూడిదరంగులో ఉండటం వచ్చినవాళ్ళందరికీ వింతగా ఉండేది. ఎందుకు వెయ్యలేదంటే, "వేస్తాం, పోయిందేముంది, గోడ ఈడే ఉండాది" అనేవాడు నాన్న. నేను పుట్టాక కూడా గోడ అక్కడే ఉంది.

గొడవ మా పిన్ని పెళ్ళితో వచ్చింది. పిన్ని అమ్మకు చెల్లెలు, రంగులో ఇద్దరికీ తేడా లేదు. సంబంధాలకు పంపడానికి ఆమె ఫోటోకు నాన్నే రంగు వేశాడు. పిన్ని పాలరంగులో, కాఫీరంగు జడతో వచ్చింది. వెల్లూరు నుంచి సంబంధం కుదిరింది. పెళ్ళికొడుకు ఫోటో కూడా ఎవరో రంగులు వేసిందే. ఇద్దరూ ఎదురుపడ్డప్పుడు ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు.

పెళ్ళి అయ్యాక ఇంటికి వచ్చి, అమ్మ ముందుగదిలో చీర మార్చుకోకుండా కూర్చుంది.

"ఊరందర్నీ తెల్లగా చేసినావు. మా చెల్లెల్ని చేసినావు. నన్ను మాత్రం గోడమీద అట్నే పెట్టినావు."

"నీకేం తక్కువ?" అన్నాడు నాన్న.

"ఆ మాట కస్టమర్లకు చెప్పి పంపలేదే."

నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. అమ్మ వదల్లేదు. "ఎవరెవరి మొకాలో దినమంతా కూర్చోని చూస్తావు. ఇన్నేండ్లలో నా మొకం ఒక పూట కూర్చోని చూసినావా?" అంది. ఆమెకు కావలసిందేమిటో అక్కడ ఉన్న నాకు కూడా అర్థమైంది. ఫోటోకు రంగు పడితే, ఆయన తనను ఒక పూట చూసినట్టు.

సరేనని నాన్న పాత నెగటివ్ వెతికి తెచ్చి, కస్టమర్లకు తీసినట్టే ప్రింటు పలచగా తీశాడు. ఇంట్లోనే కిటికీ దగ్గర కూర్చుని, చీపురుపుల్లకు దూది చుట్టి రంగు వేశాడు. అమ్మవైపు ఒక్కసారి కూడా చూడలేదు, చూడవలసిన అవసరం రాలేదు. ఆ ముఖం ఆయనకు అలవాటైన ముఖమే, కస్టమర్ల ముఖం. గులాబీ బుగ్గలు, పాలనుదురు, దానిమీద ముదురు కాఫీరంగు జుట్టు. పనిలో పనిగా తన బుగ్గలకు కూడా కొంచెం వేసుకున్నాడు. రంగు ఆరేదాకా అద్దం వెయ్యకూడదని ఉత్త ఫ్రేములో తగిలించాడు. కార్తీకం వానలు పడుతున్నాయి, ఆ చెమ్మకు ఏదీ ఆరడం లేదు.

"బాగుండాది" అంది అమ్మ. ఆ రోజంతా ఏదో ఒక పని కల్పించుకుని ముందుగదిలోకి వస్తూ పోతూ ఉంది.

అప్పుడే మా పక్క పోర్షన్‌లోకి గుంటూరు వైపు నుంచి ఒక కుటుంబం కొత్తగా దిగింది. ఆ ఇంటాయన సినిమా సెట్లకు వడ్రంగం చేసేవాడు. ఆయన భార్య పరిచయం చేసుకుందామని వచ్చింది. అమ్మ కాఫీ కలిపి తెచ్చేలోపల గోడమీద ఫోటోను చూసింది. తర్వాత అమ్మను చూసింది, నన్ను చూసింది. గొంతు తగ్గించింది.

"పాపం, ఎప్పుడు పోయిందండీ?"

"ఎవురు?"

"మీ వారి మొదటావిడ. ఎంత లక్షణంగా ఉందో మహాతల్లి. ఆ రంగూ, ఆ జుట్టూ." ఆమె నా తల నిమిరింది. "అంతా తల్లి పోలికే. మీరు కూడా ఎంత మంచివారండీ. సవతి బిడ్డను ఇలా కడుపులో పెట్టుకుని చూసుకునేవాళ్ళు ఎంతమంది ఉంటారు?"

నేను అమ్మ ముఖం చూశాను. అందులో ఏ మార్పూ లేదు. ఆమె కాఫీగ్లాసు ఆవిడ చేతికిచ్చింది.

"జొరమొచ్చి పోయింది" అంది. "మంచి మనిషి. మాటామంతీ లేదు."

"దేనికైనా పెట్టిపుట్టాలండీ" అంది ఆవిడ. అమ్మ ఒప్పుకుంది. ఇద్దరూ కాసేపు పోయినామె గురించి బాధపడ్డారు.

సాయంత్రం పూలమ్మి వస్తే అమ్మ మూర కనకాంబరాలు తీసుకుంది. తలలో పెట్టుకోలేదు. స్టూలు ఎక్కి ఫోటోకు, పెళ్ళికూతురు ఉన్నవైపు మాత్రం, తగిలించింది. దాని ముందు ఊదుబత్తి వెలిగించి వంటింట్లోకి పోయింది.

నాన్న పని నుంచి వచ్చి, తడిసిన గొడుగు మూలపెట్టి, గోడ చూశాడు.

"ఏందిమే ఇది?"

"నీ మొదటి పెండ్లాం. పోయిందంట. పక్కింటామె చెప్పింది." అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "ఆమె బిడ్డను నేను సాకుతాండానంట" అంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నాన్న నవ్వుతాడేమోనని నాకు భయం వేసింది. నవ్వలేదు. ఊదుబత్తి ఆర్పి, పూలు తీసి, ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు.

మర్నాడు స్టూడియోకు పోలేదు. ఫోటో కిందికి దించి, దూది టర్పెంటైన్‌లో ముంచి, పెళ్ళికూతురి ముఖం, చేతులు, జుట్టు తుడిచేశాడు. రంగు ఇంకా ఆరలేదు కాబట్టి సులువుగానే వచ్చింది. తన బుగ్గలజోలికి మాత్రం పోలేదు. తర్వాత పెరటి గుమ్మం దగ్గర, వెలుతురు బాగా పడేచోట, అమ్మను స్టూలుమీద కూర్చోబెట్టాడు.

"పొయ్యిమీద ఎసరుండాది" అంది అమ్మ.

"ఉండనీ."

రంగులపెట్టె తెరిచాడు. అందులో ఉన్నవన్నీ తెల్లటివాళ్ళకోసం కొన్నవే. పాలరంగు, గులాబీ, లేత పసుపు. ఒక్కొక్కటీ తీసి చూసి పక్కన పెట్టాడు. చివరికి పెట్టె మూతలో మిగిలి ఉన్న జుట్టురంగు, ఆ కాఫీరంగు, అట్టముక్కకు రాశాడు.

"చెయ్యి చాపు."

అమ్మ అలవాటుగా ఎడమచెయ్యి చాపింది. ఆయన అట్టముక్క ఆనించాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. రంగు ఎక్కడ అయిపోయిందో, అమ్మ చెయ్యి ఎక్కడ మొదలైందో నాకు తెలియలేదు. ఆయన దానికి ఇంకేమీ కలపలేదు. దూదితో తీసి పెళ్ళికూతురి ముఖానికి అద్దడం మొదలుపెట్టాడు.

అమ్మ ముందుకు వంగి చూసింది. "అది జుట్టురంగు గదా."

"జుట్టురంగు యాడిది, నీ రంగే. నీ చెయ్యి చూసే గదా ఇన్నేండ్లూ కలిపింది."

అమ్మ తన చేతిని ఒకసారి తిప్పి చూసుకుంది.

"అంటే నా రంగు దీసకపోయి ఊర్లో ఆడోళ్ళందరి తలలకూ పూసినావా?"

"దానికంటే బాగుండేది దొరకలా. అంతా ఎతికినా" అన్నాడు నాన్న, పుల్లమీదనుంచి చూపు ఎత్తకుండా. "బీచికి గూడా పోతిమి గదా."

"ఆ మాట నాతో చెప్పింటే ఏం పోయింది?"

నాన్నకు ఆ ప్రశ్న అర్థమైనట్టు లేదు. ప్రతి ఉదయం వంటింటి గుమ్మంలో నిలబడి చెబుతూనే ఉన్నానని ఆయన అనుకుని ఉంటాడు. ఇప్పుడు తల ఎత్తి ఆమె ముఖం చూశాడు, మళ్ళీ ఫోటో చూశాడు, మళ్ళీ ఆమెను చూశాడు. ఆ పని మధ్యాహ్నం దాకా పట్టింది. ఎసరు ఇగిరిపోయి గిన్నె మాడింది. ఎవరూ లేవలేదు. జుట్టు దగ్గరికి వచ్చేసరికి నల్లరంగు ట్యూబు కావలసి వచ్చింది. కొన్నాక ఎన్నడూ తెరవలేదేమో, మూత బిగుసుకుపోయింది. పళ్ళతో పట్టి లాగాడు.

ఫోటో మళ్ళీ గోడెక్కిన తర్వాత పక్కింటావిడ వచ్చి చూసి సంతోషించింది. "మీ ఫోటో పెట్టించుకున్నారన్నమాట, మంచి పని చేశారు" అంది. అమ్మ ఆమెకు అసలు సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఆ మొదటావిడకు మా ఇంట్లో తద్దినం పెట్టడం లేదని ఆవిడకు మామీద కొంచెం కోపం ఉండేది.

ఇప్పటికీ మద్రాసులో పాత ఇళ్ళకు పోతే గోడలమీద ఆ కాలపు ఫోటోలు కనిపిస్తాయి. పాలరంగు ముఖాలు, కాఫీరంగు జుట్టు. ఆ ముఖాలు ఎవరివో నాకు తెలియదు. జుట్టు దగ్గర మాత్రం మా అమ్మ చెయ్యి కనిపిస్తుంది.

నాన్న ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు రంగులు వేశాడు, ఉదయంపూట అట్టముక్క పట్టుకుని వంటింటి గుమ్మంలోకి వచ్చేవాడు. అమ్మ అంతకు ముందులా తలతిప్పకుండా చెయ్యి చాపేది కాదు. పొయ్యిమీద ఉన్నది దించి, చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, వెలుతురులోకి వచ్చి చాపేది. "బిరబిరా చూడు, నాకు పనుండాది" అనేది. ఆయన తొందరపడేవాడు కాదు. ఆమె కూడా చెయ్యి వెనక్కి తీసుకునేది కాదు.