మెట్లు లేని మేడ

కటక్ జిల్లా కోర్టులో ప్లీడరు గుమాస్తా కులమణి రౌత్‌కు నలభై ఆరేళ్ల వయసులో చదువు పిచ్చి పట్టింది. పట్టించినవాడు ఒక జడ్జి.

ఆ రోజు వాదిస్తున్నది మహాపాత్ర బాబు. ఇరవై రెండేళ్లుగా ఆయన కాగితాలు కుట్టేది, స్టాంపులు అంటించేది, వాయిదాలు గుర్తు పెట్టుకునేది కులమణి. గొంతు సవరించుకునేది మాత్రం బాబు. నోటీసు నకలు ఎక్కడుందని జడ్జి అడిగితే బాబు ఫైలును పొలం దున్నినట్టు దున్నుతున్నాడు. వెనక బల్ల మీద కులమణికి ఇక నోరు ఆగలేదు.

"నలభై ఏడో పేజీ, హుజూర్!"

జడ్జి కళ్లజోడు పైనుంచి చూశాడు. "ఎవరయ్యా అది? కోటు లేని నోరు ఇక్కడ తెరవకూడదు. బయటికి నడు."

నోటీసు నలభై ఏడో పేజీలోనే ఉంది. ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. కులమణి గేటు బయట నిలబడి దొప్పెడు దహీబరా ఆలూదమ్, పెరుగు గారెల మీద కారం కారంగా బంగాళాదుంప కూర, తిన్నాడు. ఇంకో దొప్ప తిన్నాడు. మంట నాలుకదో మనసుదో తేలలేదు. మూడో దొప్ప అయ్యేసరికి తేల్చుకున్నాడు. లా చదవాలి. కోటు వేసుకుని, అదే హాల్లో లేచి నిలబడి, ఒక్క మాటైనా పూర్తిగా చెప్పాలి. ఆ సాయంత్రమే దర్జీకి కొలతలిచ్చి నల్ల కోటు కుట్టించాడు.

"కుని బాపా, ముందు సీటు తెచ్చుకో. కోటెందుకిప్పుడు? పెళ్లి కుదరకముందే ఉయ్యాల కొంటారా ఎవరైనా?" అంది భార్య శాంతిలత, మొగుణ్ణి ఎప్పటిలాగే కూతురి పేరుతో, కుని నాన్నా అని పిలుస్తూ.

ఆవిడ నోట ఏ ముహూర్తాన వచ్చిందో ఆ పెళ్లి మాట!

ఊళ్లో ఉదయం పూట క్లాసులు నడిపే లా కాలేజీ ఒకటుంది. దాని ఆఫీసులో జెనా బాబు అనే క్లర్కు పాన్ నములుతూ కులమణి కాగితాలు తిరగేశాడు.

"మూడేళ్ల లాకి డిగ్రీలో నలభై అయిదు శాతం ఉండాలి. నీకు నలభై తొమ్మిది. బాగుంది. మెట్రిక్ ఉంది, బి.ఏ. ఉంది. మధ్యలో ప్లస్ టూ ఏదీ?"

"ఓపెన్ యూనివర్సిటీ, బాబూ. వయసుంటే చాలన్నారు. నేరుగా బి.ఏ.లో కూర్చోబెట్టారు."

"వాళ్లదేం పోయింది, కూర్చోబెడతారు. లాకి అది చెల్లదు. నీకు మేడ ఉంది, మెట్లు లేవు."

"మేడ మీదున్నవాణ్ణి పట్టుకుని ఎలా ఎక్కావని అడుగుతారా బాబూ?"

"ప్లీడరువి కాకముందే ఇన్ని పాయింట్లా? వెళ్లు, మెట్లు కట్టుకుని రా."

కూతురు ఇప్సిత, ఇంట్లో కుని, అప్పుడే ప్లస్ టూలో చేరింది. తండ్రి అదే పరీక్షకు ప్రైవేటుగా కట్టాడు. పొద్దున్నే పఖాళ చద్దన్నం గిన్నెల ముందు కూతురు పాఠం చెప్పేది, తండ్రి అప్పజెప్పేవాడు. అన్నిటికంటే తర్కశాస్త్రం దగ్గర గొడవ.

"బాపా, మనుషులందరూ చచ్చేవాళ్లే. హరి మనిషి. కాబట్టి?"

"కాబట్టి తొంభై రోజుల్లోపు హరి వారసుల్ని కేసులో చేర్చాలి."

కుని ఫస్టు క్లాసులో పాసైంది. తండ్రి థర్డు క్లాసు. ప్లస్ టూ తర్వాత నేరుగా చేరే అయిదేళ్ల లా కోర్సులో కుని చేరిపోయింది. తండ్రికి ఆ దారి లేదు. అది పొద్దంతా క్లాసులుండే చదువు, గుమాస్తా పని మానితే ఇల్లు గడవదు. మళ్లీ ఉదయం కాలేజీకే పోయాడు.

జెనా బాబు కాగితాలు చూసి పాన్ నమలడం ఆపాడు. "ప్లస్ టూ ఈ ఏడాదిది. బి.ఏ. తొమ్మిదేళ్ల కిందటిది. బిడ్డ పుట్టాక పెళ్లి చేసుకున్నావన్నమాట."

"ఎలాగైతేనేం, పెళ్లయింది కదా బాబూ!"

"పెళ్లి చెల్లుతుంది. బిడ్డే చెల్లదు. మళ్లీ కను."

ఎవడైనా అక్కడితో కోటు అమ్మేసుకునేవాడు. కులమణి ఇంటికి వచ్చి, మళ్లీ బి.ఏ. అన్నాడు. శాంతిలత పెట్టె తీసి కోటులో కలరా ఉండలు మార్చింది.

మూడేళ్లకు కొత్త బి.ఏ.తో పోతే జెనా బాబు కుర్చీ వేయించాడు, టీ తెప్పించాడు. అరగంట వెతికాడు. తప్పేమీ దొరక్క మొహం వేలాడేసుకుని సంతకం పెట్టాడు.

మొదటి రోజు ప్రిన్సిపాలు, ఈ చదువు చదివినవాళ్లు జడ్జీలవుతారు, బ్యాంకుల్లో, కంపెనీల్లో న్యాయాధికారులవుతారు, ప్రొఫెసర్లవుతారు అని గంటసేపు చెప్పాడు. విన్నవాళ్లలో సగంమంది వేరే ఏ డిగ్రీకీ ఉద్యోగం రాక వచ్చినవాళ్లు. పావుమంది కారుకు 'అడ్వకేట్' అని అంటించుకోవడానికి వచ్చినవాళ్లు. ప్రిన్సిపాలుకూ ఆ సంగతి తెలుసు.

కోర్టు స్టాంపు ఎక్కడమ్ముతారో ఆ క్లాసులో కులమణి ఒక్కడికే తెలుసు, పాఠం చెప్పేవాడికి కూడా తెలియదు. అయినా పరీక్షలో "దావా వేయు విధానము" అంటే, సూది ఎటునుంచి గుచ్చాలో, దారం ఎక్కడ ముడేయాలో కూడా కలిపి పదకొండు పేజీలు రాశాడు. ఇరవైకి మూడు మార్కులొచ్చాయి. ఒక్క సెక్షను నంబరైనా లేదట.

ఏమైతేనేం, యాభై నాలుగో ఏట గట్టెక్కాడు. బార్ కౌన్సిల్లో పేరు ఎక్కింది, గుమాస్తా కార్డు పోయింది. ఎనిమిదేళ్ల నాటి కోటు తొడిగితే బొత్తాలు పొట్టకు ఇటు, కాజాలు అటు ఆగిపోయాయి. అలాగే పోయి మహాపాత్ర బాబు కాళ్లకు దండం పెట్టాడు, జూనియరుగా చేర్చుకోమన్నాడు.

"నీకు కోటు తొడిగితే నా ఫైళ్లెవడు మోస్తాడు?" అని బాబు మొహం తిప్పుకున్నాడు. మిగతా ప్లీడర్లు, పెద్దవారు, మీతో మేం పని ఎలా చేయించుకుంటామని తప్పుకున్నారు.

అప్పటికి కుని ప్లీడరై ఏడాది. "నా దగ్గర చేరు బాపా. జీతం మాత్రం అడగకు," అంది.

"ఇంటికి ఇద్దరు ప్లీడర్లు, ఇద్దరికీ కలిపి ఒక్క కేసు," అంది శాంతిలత.

అలా కులమణి మళ్లీ ఫైళ్లు మోశాడు, కోటు వేసుకుని. కాగితాలు కుట్టేది ఆయన, వాదించేది కూతురు. ప్లీడర్ల కుర్చీల్లో కూర్చోమంటే అలవాటు లేక పోయి గుమాస్తాల బల్ల మీదే కూర్చునేవాడు. నాలుగు నెలలు గడిచాయి, నోరు తెరిచే పని పడలేదు.

అయిదో నెలలో, అదే హాల్లో, కొత్తగా వచ్చిన జడ్జమ్మ "నోటీసు నకలు ఎక్కడుంది?" అంది. కుని ఫైలు దున్నడం మొదలుపెట్టింది. వెనక బల్ల మీద కులమణి చేత్తో నోరు గట్టిగా మూసుకున్నాడు.

కుని వెనక్కి తిరిగింది. "బాపా! కోటుంది కదా, లేచి చెప్పవేం?"

"ఎవరాయన?" అంది జడ్జమ్మ.

"నా జూనియర్, మేడమ్."

హాలంతా నవ్వింది. "అయితే చెప్పమనండి."

కులమణి లేచాడు. పడని బొత్తాన్ని ఒక చేత్తో లాగి పట్టుకున్నాడు.

"పందొమ్మిదో పేజీ, హుజూర్."

జడ్జమ్మ పేజీలు తిప్పింది. ఉంది. రాసుకుంది. "సరే, కూర్చోండి."

కులమణి కూర్చోలేదు. జడ్జమ్మ రెండు వాక్యాలు రాసి తలెత్తితే ఇంకా నిలబడే ఉన్నాడు.

"ఇంకేమైనా చెప్పాలా?"

"ఏం లేదు హుజూర్. కాసేపు నిలబడతాను."