కైజాగే ఎక్కని విమానం

మా ఆయన కైజాగేకి విమానమంటే కిట్టదు. భయం కాదు, చిన్నచూపు. సరస్సు ఒడ్డున, మా మ్వాంజా రేవు పక్కన వలలు బాగుచేస్తూ కూర్చుని, నెత్తిమీద విమానం పోయినప్పుడల్లా తలైనా ఎత్తకుండా, "పాపం, అరటిగెల కూడా తెచ్చుకోలేని జనం" అనేవాడు. ఆయన పుట్టిన ఊరు సరస్సుకు అవతలి ఒడ్డున, బుకోబా దగ్గర. సాయంత్రం ఓడెక్కితే తెల్లారేసరికి అక్కడ దిగొచ్చు. ఓడ మూడో తరగతిలో బల్లల మధ్య చాప పరుచుకుని, ముక్కూమొహం తెలియనివాళ్ళతో మిడతల వేపుడు పంచుకు తిని, దిగేలోగా ఎవరితోనో ఒకరితో వరస కలిపేవాడు. తిరిగొచ్చేటప్పుడు భుజాన పచ్చరటి గెల ఉండాల్సిందే.

"ఆ ఓడే నీ పెద్దపెళ్ళాం, నేను రెండోదాన్ని" అనేదాన్ని.

"అది నీలా అరవదే" అనేవాడు.

ఈయనకు తన అక్క కోకుటేటాతో తగువొచ్చాక ఆ గెలలు రావడం ఆగిపోయింది. కొడుకు కాబట్టి మామగారు అరటితోట ఈయన పేర పెట్టి పోయాడు. చాకిరీ మాత్రం భర్త పోయి పుట్టిల్లు చేరిన ఆ అక్కది. వాళ్ళ తాతముత్తాతల సమాధులన్నీ ఆ తోటలోనే ఉన్నాయి. ఈ మహానుభావుడికి పడవ కొనాలని పిచ్చి పట్టింది. తోటలో అక్క పెంచిన కాఫీ చెట్లున్న ముక్కని పైవాళ్ళకు అమ్మేశాడు. నాకూ చెప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు. కోకుటేటా తిట్టలేదు, శాపాలు పెట్టలేదు. వాకిట్లో అందరి ముందూ ఒక్కటే అంది: "రేపు నేను పోతే, మట్టి అమ్ముకున్న చేత్తో నామీద మట్టి వెయ్యకు తమ్ముడూ."

మావాళ్ళయితే ఇలాంటివి నాలుగురోజుల్లో మరిచిపోతారు. వీళ్ళు అలా కాదు. అన్నవాళ్ళే, మాట పడినవాణ్ణి ఎదురుగా నిలబెట్టి, ఆ మాట వెనక్కి తీసుకోవాలి. మనిషిచేత కబురంపితే చెల్లదు. ఈయన ఓడెక్కి వెళ్ళాడు. ఆవిడ తలుపు తియ్యలేదు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తియ్యలేదు. ఆ తర్వాత ఈయనకు పౌరుషం వచ్చింది. కానీ రాత్రిళ్ళు కలత నిద్రలో "అక్కా" అనేవాడు, నేను విననట్టు పడుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే ఆ అక్క కొడుకు, బ్యాబాతో అనే మేనల్లుడు, ఫోన్ చేశాడు. "అమ్మకు కాస్త నలతగా ఉంది మామయ్యా. మిమ్మల్ని చూస్తానంటోంది. మధ్యాహ్నం విమానానికి వచ్చెయ్యండి, టికెట్ నేను తీస్తాను."

ఫోన్ పెట్టేసి ఈయన నావైపు తిరిగాడు. "అక్క పోయిందే."

"నలతగా ఉందన్నాడుగా?"

"నాన్న పోయినప్పుడూ నలతే అన్నారు. అమ్మ పోయినప్పుడూ నలతే అన్నారు. మాలో చావు కబురు ఫోన్‌లో చెప్పరు. నలత అని పిలుస్తారు, వాకిట్లోకి వచ్చాక ఏడుస్తారు."

"తిరిగి ఫోన్ చేసి సూటిగా అడుగు. ఉందా, పోయిందా?"

"బతికుందా అని అడుగుతారటే ఎవరైనా? చావు కోరినట్టుండదూ?"

"పోనీ విమానమైనా ఎక్కవయ్యా."

"ఎందుకు? పోయిన మనిషి మాట వెనక్కి తీసుకుంటుందా? ఇంటినిండా జనం దిగుంటారు. బియ్యం మూట లేకుండా, గుడ్డ లేకుండా చేతులూపుకుంటూ వెళ్ళనా? విమానంలో మూట ఎక్కనిస్తారా?"

బజారుకు వెళ్ళి బియ్యం మూట, అక్క మీద కప్పడానికి తెల్లగుడ్డ కొన్నాడు. నేనూ బయల్దేరాను. రేవులో మూట దింపుతుండగా ఆ మధ్యాహ్నం విమానం పైనుంచి సరస్సు మీదుగా పోయింది. ఈయన ఈసారి తలెత్తి చూశాడు. "ఏడవడానికి కూడా టైం ఇవ్వదది" అన్నాడు. ఓడలో ఎవరితోనూ వరస కలపలేదు. మూటకు ఆనుకుని, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని కూర్చున్నాడు. నేను చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చాడు.

పొద్దున బుకోబా రేవులో మేనల్లుడు నిలబడి ఉన్నాడు, కళ్ళు ఉబ్బిపోయి. ఈయన వాణ్ణి కౌగిలించుకుని, "ఎప్పుడు పోయిందిరా అక్క?" అన్నాడు.

"తెల్లారగట్ల, మామయ్యా."

"ఏ రోజు?"

వాడు విచిత్రంగా చూశాడు. "ఇవాళే."

"మరి నలతగా ఉందన్నావు?"

"నేను ఫోన్ చేసినప్పుడు నలతగానే ఉంది మామయ్యా. నిన్న లేచి కూర్చుంది కూడా. విమానం చప్పుడు వినగానే 'తమ్ముడొచ్చాడు, కాఫీ పెట్టండి' అంది. రాలేదని చెప్తే నమ్మలేదు. చీకటి పడేదాకా ఆ కప్పు తియ్యనివ్వలేదు." అప్పుడు వాడి చూపు ఈయన చేతిలోని తెల్లగుడ్డ మీద పడింది. "ఇదెందుకు తెచ్చారు?"

ఈయన గుడ్డని వెనక్కి దాచుకున్నాడు. బియ్యం మూట మీద కూర్చుండిపోయాడు. నాకైతే ఆ మూటను సరస్సులో పారేయాలనిపించింది.

కోకుటేటాను ఆ సాయంత్రం తోటలోనే, మిగిలిన కాఫీ చెట్ల పక్కన పూడ్చారు. ఆయన తెచ్చిన గుడ్డే కప్పారు. ఇంటివాళ్ళు ఒక్కొక్కరే గుప్పెడు మట్టి వేస్తున్నారు. ఈయన వెనక్కి తగ్గి నిలబడ్డాడు.

"వెయ్యి, తోడబుట్టినవాడివి" అన్నాడు ఓ పెద్దాయన.

"అమ్మ మనసులో ఏమీ లేదు మామయ్యా" అన్నాడు మేనల్లుడు. "అది చెప్పడానికే పిలవమంది. వెయ్యండి."

ఈయన వంగి గుప్పెడు మట్టి తీశాడు. తర్వాత మేనల్లుడి చెయ్యి లాగి, ఆ మట్టి వాడి అరచేతిలో పోశాడు.

"నువ్వెయ్యరా. వద్దన్నది అక్క. వెయ్యమనడానికి పిలిచిందీ అక్కే. నేను ఓడలో వచ్చాను."